దురద లేని చేతులు

మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు పసిపిల్లల్ని ముట్టుకోరు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఘాటు మిగిలే ఉంటుంది. అందుకే అక్క పురిటికి మా నల్లపాడు వచ్చి, వేసవి మొదట్లో ఆడపిల్లను కన్నప్పుడు, అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. ఆమెకు తొలి మనవరాలు. కాయల పని అయిపోగానే ఎత్తుకుంటానులే అంది.

ఎత్తుకునే పనంతా నాన్నది. ఆయన దర్జీ. సాయంత్రం మిషను ఆపి, చేతులు కడుక్కుని, పాపను గుండెల మీద పడుకోబెట్టుకునేవాడు. మీ అమ్మమ్మవి కారం చేతులు, నావి బంగారు చేతులు అని పాపతో చెబుతుంటే అమ్మ మూతి తిప్పేది. నాకు నవ్వొచ్చేది.

అమ్మకు అప్పటికే దురద. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుం చుట్టూ. చీకటి పడితే మరీను. మిరపకాయల పని చేసేవాళ్లకి ఒళ్లు మండిందని డాక్టరు దగ్గరికి ఎవరు పరిగెత్తుతారు? మజ్జిగతో కడుక్కుంటారు, ఆముదం రాసుకుంటారు. అమ్మా అదే చేసింది. సీజను ముగిసింది, వానలు పడ్డాయి, దురద మాత్రం పోలేదు. మిరప ఒంట్లోకి ఎక్కింది, దిగాలి కదా అంటూ పాపకు ఆమడ దూరంలో కూర్చునేది.

ఆ తర్వాత నాన్న గోక్కోవడం మొదలుపెట్టాడు. మిరపకాయ ముట్టని మనిషి. ఆ వారంలోనే పాప అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు కనిపించాయి. గుంటూరు తీసుకెళ్లాం.

చర్మం డాక్టరు చూడగానే గజ్జి అన్నారు. రోజూ రెండుపూటలా స్నానం చేసే అమ్మ ముఖం మాడిపోయింది. ఆయన ఓపిగ్గా చెప్పారు. కంటికి ఆనని పురుగు చర్మంలో దారి తొలుచుకుని గుడ్లు పెడుతుందట. దురద అది కొరకడం వల్ల కాదు. అదీ, దాని పెంటా మనవి కావని ఒంట్లోని కాపలా కణాలు గుర్తుపట్టి తిరగబడటమే దురద. మొదటిసారైతే ఆ గుర్తుపట్టడానికి నెల పైనే పట్టొచ్చు. అంతవరకూ మనిషికి ఏమీ తెలియదు, పురుగు మాత్రం పక్కవాళ్లకు పాకుతూనే ఉంటుంది. నాన్న తన చేతుల వంక చూసుకున్నాడు. అమ్మ నుంచి ఆయనకు ఎప్పుడో అంటింది. ఒళ్లు చెప్పలేదు, అంతే.

ఇంటికొచ్చి దుప్పట్లు, బట్టలు ఉడకబెట్టాం. అందరం మందు రాసుకున్నాం. పాపకు రాయడం అక్క వల్ల కాలేదు. అమ్మ ముందుకొచ్చింది. ఒంటి మడతల్లో, వేళ్ల సందుల్లో, బుల్లి గోళ్ల కింద మందు రాసి, మళ్లీ అక్క ఒడిలో పెట్టేసింది. పాపను ఆమె తాకడం అదే మొదలు.

పాపకు తగ్గింది. అమ్మకు దురద పోలేదు. పురుగు చచ్చినా దాని ముక్కలు చర్మంలోనే ఉంటాయి, ఒళ్లు వాటితో ఇంకొన్ని వారాలు పోట్లాడుతుంది, అది అంటుకోదు అని డాక్టరు ముందే చెప్పారు. నేనూ చెప్పి చెప్పి విసిగిపోయాను. చచ్చినదానితో ఎవరైనా పోట్లాడతారా అనేది అమ్మ. ఏడుపొచ్చేంత కోపం వచ్చేది నాకు, ఎవరి మీదో తెలియదు.

బావ వచ్చి అక్కనీ పాపనీ అద్దంకి తీసుకెళ్లే రోజు, బస్టాండులో అక్క పాపను అమ్మకు అందించబోయింది.

"ఎత్తుకోమ్మా. ఇంక అంటుకోదని డాక్టరు గారు చెప్పారుగా."

"ఇంకా దురదగానే ఉందే," అంది అమ్మ, చేతులు కొంగులో దాచుకుని.

కొన్నాళ్లకు ఒక పొద్దున బియ్యం ఏరుతూ ఏరుతూ అమ్మ ఆగిపోయింది. చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దురద లేదే అంది. ఆదివారం అద్దంకి వెళ్లొద్దామంది. ఆమె అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో.

ఆ మధ్యాహ్నమే కూలీలను కుదిర్చే మేస్త్రి కబురు పంపాడు, కోల్డ్ స్టోరేజీలోంచి కాయలు బయటికి తీస్తున్నారు, తొడిమలు తీయడానికి రమ్మని. రానంటే మళ్లీ పిలవరు. అమ్మ వెళ్లింది. ఆదివారానికి చేతుల నిండా ఘాటు.