ఫెబ్రోనియా నోరు తెరిచిన ఆదివారం

ఫెబ్రోనియాకు కోపం పుట్టుకతోనే వచ్చిందని మా ఊళ్లో అనేవారు. నైలు నదికి పడమటి ఒడ్డున మా ఊరు. భర్త పోయాక ఆమె ఎండలో పిండి పొంగించి, రొట్టెలు కాల్చి అమ్మేది. రొట్టె బాగాలేదన్నవాడికి మర్నాడు రొట్టె దొరికేది కాదు. అలాంటి మనిషి కూడా ఆ ఏడు రెండు నెలలు నోరు మూసుకుంది. ఊరంతా మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

ఈస్టర్‌కు ముందు వచ్చే పెద్ద ఉపవాసాలు మొదలైన వారంలో జరిగిందది. కాలువ తూముకు వేసిన తాళం తాలూకు చెవి భూస్వామి వహ్బా దగ్గర ఉండేది. అతని చెరుకు తడిసి మిగిలితేనే మా చేలకు నీళ్లు. బిషాయ్ అనే కౌలు రైతు గునపంతో ఆ తాళం పగలగొట్టాడు. వహ్బా కారు దిగి, మిట్టమధ్యాహ్నం, చెరుకు నరుకుతున్న అరవై మంది కళ్లెదుట అతన్ని కాల్చి చంపాడు. కూలీలకు రొట్టెలు తెచ్చిన ఫెబ్రోనియా అక్కడే ఉంది. బిషాయ్ తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పట్టబోయింది ఆమే.

పట్నం నుంచి ప్రాసిక్యూటర్ వచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు. ఎండ కళ్లల్లో పడిందన్నాడొకడు. వంగి నరుకుతున్నానన్నాడు ఇంకొకడు. బళ్లో పాఠాలు చెప్పే నేను, ఆ రోజు అటు వెళ్లనే లేదన్నాను. నిజానికి కాలువ గట్టు మీదే ఉన్నాను. ఫెబ్రోనియా తన ఇద్దరు కొడుకుల్నీ తలుచుకుని, తానేమీ చూడలేదంది. ఇంటికెళ్లి, పొంగిన పిండినంతా గేదెకు పడేసిందట.

వహ్బా కూడా మాలాగే క్రైస్తవుడే. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. బిషాయ్ భార్య వెనక స్తంభం పక్కన నిలబడేది. మేం ఆమె ముఖం చూసేవాళ్లం కాదు.

ఈస్టర్ తర్వాతి ఆదివారం మా చర్చి ఫాదరు అబూనా యోవాకీం సువార్త చదివాడు. యేసును సిలువ వేశాక శిష్యులు భయంతో తలుపులు బిగించుకుని ఒకే గదిలో కూర్చున్న సంగతి అది. ఆడవాళ్ల వైపు నుంచి ఫెబ్రోనియా లేచింది.

"అబూనా, వాళ్లూ మనలాగే భయపడ్డారు. పేతురైతే ఆయనెవరో తెలీదని మూడుసార్లు బొంకాడు. కానీ ఆ తలుపు తీసుకుని బయటికొచ్చారు గదా? ఆ పేతురే నలుగురిలో నిలబడి చెప్పాడు గదా? మరి మనం ఎప్పుడొస్తాం?"

అబూనా కూర్చోమని సైగ చేశాడు. ఆమె కూర్చోలేదు.

"నేనేం చూళ్లేదన్నాను. అబద్ధం. చంపినోడు అదుగో, ముందు వరసలో ఉన్నాడు. దేవుడు నాకు తోడున్నాడని పాడేదీ ఈ నోరే. ఆ పాటన్నా మానాలి, ఈ అబద్ధమన్నా మానాలి. రేపు పట్నం పోతున్నా. రానివాళ్లు నా రొట్టె తినొద్దు."

వహ్బా వెనక్కి తిరిగి నవ్వాడు. "నీ పిల్లల సంగతి చూసుకోవే."

ఆ మాటే అతని కొంప ముంచింది. ముసలి కూలీ బస్సాదా కర్ర ఊతంగా లేచి, "ఎంతమంది పిల్లల్ని కాలుస్తావయ్యా?" అని నెమ్మదిగా అడిగాడు. అతని వెనక మరొకరు లేచారు. తర్వాత వరసకు వరసే లేచింది.

మర్నాడు రెండు ట్రక్కుల్లో ఇరవై మూడు మందిమి వెళ్లాం. నేను ఎక్కింది ధైర్యం వచ్చి కాదు, ఆమె చూపు తప్పించుకోలేక. ముందు అబద్ధం ఎందుకు చెప్పారని ప్రాసిక్యూటర్ గద్దించాడు.

"భయమేసి. అదే రాసుకోండి" అంది ఫెబ్రోనియా.

విచారణ ఏడాదిన్నర సాగింది. ఈలోగా ఎవరో ఆమె గేదెకు విషం పెట్టారు, రొట్టెల పొయ్యి కూలగొట్టారు. ఆ పొయ్యిని ఊరంతా కలిసి మళ్లీ కట్టింది. ఆమె ఒక్క మాటా మార్చలేదు. వహ్బాకు పదిహేనేళ్లు పడింది.

తీర్పు వచ్చిన రోజు చర్చి ముందు మిఠాయి పంచబోతే ఆమె పళ్లెం పక్కకు నెట్టేసింది.

"రెండు నెలలు ఆ పిల్ల ఒక్కతే ఏడ్చింది. మనకెందుకు మిఠాయి?"

బిషాయ్ భార్యను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ పళ్లెం పట్టుకుని నిలబడింది నేనే.