మా అత్త నడకబండి

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను మత్తిగిరిలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి "అమ్మ పోయిందప్పా, బిన్నే రా" అన్నాడు. రెండు రోజుల ముందు ఆదివారమే నేను కుందారపల్లికి పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదో చెబుతాను, పెద్ద కారణమేమీ కాదు.

ఊళ్లో ఆమెను పాతసామాన్లమ్మ అనేవాళ్లు. ఎదుటనే అనేవాళ్లు, ఆమె నవ్వేది. ప్లాస్టిక్ బిందెలిచ్చి పాత సామాన్లు తీసుకుపోయే బండాయన వీధిలోకి వస్తే చాలు, టమేటా కోత వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆయన మూట విప్పించేది. ఇత్తడి శేరు, లాంతర్లు, వామనగుంటల పీట, తాళంచెవి తిప్పితే గింజలు పొడిచే రేకు కోడిపెట్ట, ఒక చెవి విరిగిన కొయ్య ఏనుగు, అన్నీ ఆమె పశువుల కొట్టంలోకి చేరేవి. ఆవులను అమ్మేశాక ఆ కొట్టం వీటిదే అయింది.

సేకరణ అనగానే మీకు అద్దాల బీరువా గుర్తొస్తుందేమో. అలాంటిదేమీ లేదు. ఎవరింట్లో పెళ్లయినా గంగాళం అక్కణ్ణుంచే పోవాలి. కరెంటు పోతే ఆ లాంతర్లే వెలగాలి. "చూసేదానికి పెట్టుకుంటే అది పటమైపోతాది అల్లుడా, ఎత్తి వాడితేనే సామాను" అనేది. ఒకసారి నేను మంచి చేద్దామని చింతపండు పెట్టి ఒక చెంబును తళతళలాడేట్టు తోమిపెట్టాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "మా అమ్మ చెయ్యి పట్టిన నలుపప్పా అది, గీకి పారేసినావే!" అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

అన్నిటిలోకీ నడకబండి ఆమెకు ప్రాణం. పిల్లలు పిడి పట్టుకుని తోసుకుంటూ నడక నేర్చుకునే మూడు చక్రాల చెక్కబండి. ఆమె కోసమే మా తాత చేయించాడట. చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ గోడ పట్టుకుని లేచి నిలబడినా బండి ఆ ఇంటికి పోయేది. షరతు ఒకటే. తిరిగి తెచ్చేటప్పుడు ఆ బిడ్డ పాత బట్టలోంచి ఒక పీలిక చించి పిడికి కట్టాలి. మొదటి పీలిక ఆమెదే, ఎర్ర పరికిణీది. నాది నీలం చొక్కాది. నా కూతురిది గులాబీ రంగు గౌనుది. ఒకదాని మీద ఒకటి కట్టీ కట్టీ పిడి లావెక్కి, పట్టుకుంటే మెత్తగా ఉండేది. కట్టకుండా ఎగ్గొట్టినవాళ్లను ఊరికే వదిలేది కాదు. "ఏమ్మా, మీవాడు ఇంకా పాకతానే ఉండాడా?" అని సంతలో అందరి ముందూ అడిగేది.

పోయే ముందు వారం నాకు ఫోన్ చేసింది.

"యాడుండావప్పా? గురుబరపల్లి నుంచి మన టమేటా కోతకొచ్చే అమ్మి ఉండాది గదా, దాని బిడ్డ లేచి నిలబడతా ఉండాదంట. నాకేమో కాళ్లు వాచినాయి. ఆదివారం వచ్చి బండి ఎత్తకపోయి ఆడ ఇచ్చిరా."

"వస్తాలే అత్తా."

"రాలేదనుకో, నీ పీలిక ఊడబెరికేస్తా చూడు!"

ఆదివారం టీవీలో క్రికెట్ చూస్తూ కూర్చున్నాను. వచ్చే వారం పోదాంలే అనుకున్నాను. అంతే కారణం.

దీనికి తోడు ఇంకో ఘనకార్యం చేశాను. పెద్దకర్మ రోజు కొట్టంలోని వస్తువులన్నిటినీ ఫోటోలు తీసి, నాలుగు మాటలు రాసి, ఊరూ పేరూ తెలియనివాళ్లంతా చూసేలా ఫోన్‌లో పెట్టాను. అత్తకు ఇదే నా దండం అనుకున్నాను. వారం తిరక్కముందే, హైవే మీద పల్లెటూరి వేషం వేసుకుని కొత్తగా లేచిన ఒక హోటల్‌వాళ్లు వ్యాన్ వేసుకొచ్చి బావ వాకిట్లో దిగారు. ఒక్క పూటలో కొట్టం ఖాళీ అయింది. విషయం తెలిసి నేను బావ మీదికి పోయాను.

"ఊరంతటికీ చూపించినోడివి నువ్వే గదప్పా!" అన్నాడు. "బాధగా ఉంటే నువ్వు ఎత్తకపోయుండొచ్చు. ఆ రెండు గదుల బాడిగింట్లో యాడ పెట్టుకుంటావు?"

"నడకబండి కూడా ఇచ్చేసినావా బావా?"

"దాన్నే ముందు అడిగినారు."



మొన్న ఆదివారం మాత్రం ఎక్కడికి పోవాలన్నా తీరిక దొరికింది. హోటల్‌కు పోయాను. లాంతర్లలో బల్బులు వెలుగుతున్నాయి. గంగాళంలో ప్లాస్టిక్ తామరలు తేలుతున్నాయి. నడకబండిని మనిషెత్తున గోడకు స్క్రూలతో బిగించి, వార్నిష్ కొట్టి, కింద తాకరాదని బోర్డు పెట్టారు. పిడి నున్నగా మెరుస్తోంది. ఒక్క పీలికా లేదు. అక్కడ సూపర్‌వైజర్ గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. అడిగితే, "మురికి గుడ్డలండీ, కోసి పారేయించాం" అన్నాడు, పాపం మర్యాదగానే. మా అత్తా, మా నాన్నా, నేనూ, నా కూతురూ అందరం కలిసి ఏ కుప్పతొట్టిలో పడ్డామో ఆ అబ్బాయికేం తెలుసు? అతని మీద అరిచే హక్కు కూడా నాకు లేదు. కాఫీ తెమ్మని చెప్పి, తాగకుండానే లేచి వచ్చేశాను.

అక్కణ్ణుంచి గురుబరపల్లికి పోయి ఆ అమ్మాయికి జరిగింది చెప్పాను. సిగ్గుతో చెప్పాను.

"పోనీలేన్నా" అంది. "కుర్చీ తోసుకుంటా అదే నడిచేస్తా ఉండాది." లోపలికి పోయి ఒక పసుపు పీలిక తెచ్చి నా ముందు పట్టుకుంది. "బండి వస్తాదని అవ్వ చెప్పిన రోజే చించి పెట్టినా. ఇంక దీన్ని యాడ కట్టేదన్నా?"

వాకిట్లో పాప ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని గరగరమని తోసుకుంటూ వస్తోంది. నాకేమీ తోచక, పీలిక తీసుకుని ఆ కుర్చీ కాలికే కట్టాను. నున్నటి ప్లాస్టిక్ మీద ముడి నిలవలేదు. పాప రెండడుగులు వేసేసరికి జారి సిమెంటు మీద పడింది. పాప చూసుకోలేదు, కుర్చీ తోసుకుంటూ గేటు వైపు పోతూనే ఉంది.