సమానం చెయ్యండి సార్

నేను ఒకే ఒక్కసారి సాటి మనిషికి న్యాయం చేయబోయాను. ఆ దెబ్బకు ఒక మంచి ఆర్టిస్టు సంపాదన సగమైంది, ఒక ప్రచురణకర్తకు పండగైంది. నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ నెమ్మదిగా. ఆ ఆర్టిస్టు అమ్మాయి పక్క బల్ల దగ్గరే బొమ్మలేస్తోంది.

అప్పట్లో నేను సికింద్రాబాద్‌లో పిల్లల కామిక్స్ వేసే ఒక చిన్న సంస్థకు బొమ్మలు గీసేవాణ్ణి. నా కథానాయిక ఒక బర్రె. అది డిటెక్టివ్. యాప్రాల్ నుంచి వచ్చే స్రవంతి అదే సంస్థకు ఎలుగుబంటి డాక్టరు కథలు గీసేది. ఇద్దరికీ పేజీ లెక్కన డబ్బులు.

చేరిన రోజే యజమాని శేషగిరిరావు గారు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా రేటు ఎవరికీ చెప్పకూడదు, ఇంకొకరిది అడగకూడదు. సంతకం కాగానే ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించారు.

"నీకిచ్చే రేటు మా దగ్గర ఇంకెవరికీ లేదు బాబూ. బయటికి పొక్కనివ్వకు."

ఆ క్షణం నుంచి నేను నేల మీద నడవడం మానేశాను. కాప్రాలో మా వీధి కుక్కలు కూడా నన్ను గౌరవంగా చూస్తున్నట్టు అనిపించేది. స్రవంతిని చూస్తే మాత్రం జాలి. ఆమె ఎలుగుబంటిని వెంట్రుక వెంట్రుకా గీసేది. నా బర్రె వానలో తడిసిన సూట్‌కేసులా ఉండేది. అయినా నాకే ఎక్కువట. ఎంత అన్యాయమో చూడండి. చాయ్ తాగినప్పుడల్లా ఆమెను పర్సు తియ్యనిచ్చేవాణ్ణి కాదు. ఆమె నన్ను వింతగా చూసేది. కృతజ్ఞత అనుకున్నాను.

ఒకనాడు ఆమె పగిలిన ఫోన్ అద్దానికి టేపు అంటించుకుని వచ్చింది. నా గుండె కూడా అక్కడక్కడా పగిలింది. నేరుగా శేషగిరిరావు గారి గదిలోకి నడిచాను.

"సార్, నేను లెక్కలు అడుగుత లేను. స్రవంతికి, నాకు ఒక్కటే రేటు ఇయ్యండి. సమానం చెయ్యండి సార్."

ఆయన పెన్ను పక్కన పెట్టారు. బాగా ఆలోచించుకునే అడుగుతున్నావా అన్నారు. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అవునన్నాను. ఆయన లేచి, తన ఫ్లాస్కులోంచి తన చేత్తోనే నాకు కాఫీ పోశారు. నాలాంటివాళ్ళు ఉండబట్టే ఈ సంస్థ నిలబడిందన్నారు. ఆ మాట అక్షరాలా నిజమని నాకప్పుడు తెలియదు. తిరిగి వెళ్తూ సైనిక్‌పురిలో ఆగి మిఠాయి కూడా కొన్నాను.

మర్నాడు స్రవంతి వచ్చింది. కూర్చోలేదు.

"సార్ ఫోన్ చేసిండు, నరేష్. ఇగ నుంచి నాకు నీ రేటే ఇస్తడంట."

నేను వినయంగా తల వంచుకున్నాను. థాంక్స్ అవసరం లేదని చెప్పడానికి ఒక మంచి వాక్యం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"నీ రేటు నా దాంట్ల సగమంట. ఎవడో పుణ్యాత్ముడు పోయి సమానం చెయ్యమన్నడంట. వాడెవడో జెర కనుక్కుంటవా?"

శేషగిరిరావు గారు అబద్ధమాడలేదు. నా రేటు నిజంగానే ఇంకెవరికీ లేదు. అంత తక్కువకు ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఫోన్ సంగతి అడిగితే, దాన్ని బాగు చేయించుకునే తీరిక లేనంత పని ఉందట ఆమెకు.

ఆ పుణ్యాత్ముణ్ణి నేనేనని ఒప్పుకున్నాను. ఆమె ఏమందో ఇక్కడ రాయను. పిల్లలు కూడా చదువుతారు.

కోపం కాస్త దిగాక ఇద్దరం కలిసి యజమాని గదికి వెళ్ళాం. మమ్మల్ని జంటగా చూడగానే ఆయన సొరుగులోంచి సంతకాల కాగితాలు తీశారు. రేట్లు మాట్లాడుకున్నారు కాబట్టి ఒప్పందం తప్పారనీ, రావాల్సిన డబ్బు మొత్తం ఆపేయవచ్చనీ అన్నారు. నేను తలుపు వైపు ఒక అడుగు వేశాను. స్రవంతి మాత్రం కదల్లేదు.

"మేం మాట్లాడుకోలే సార్. నరేష్ రేటు నాకు చెప్పింది మీరే, ఫోన్ల."

ఆయన కాగితాలు మళ్ళీ సొరుగులో పెట్టేశారు.

"సమానం మంచిదే సార్. కాకపోతే నన్ను కిందికి దింపుడు గాదు, ఆయన్ని పైకి తేండ్రి. లేకుంటే ఎలుగుబంటి, బర్రె రెండూ సెలవు పెడ్తయ్."

బడులు తెరిచే లోపు పుస్తకాలు రావాలి. మాకంటే ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు. సాయంత్రానికి ఇద్దరికీ స్రవంతి పాత రేటుతో కొత్త కాగితాలు వచ్చాయి. నా సంపాదన రెట్టింపైంది. మెట్లు దిగుతూ, మొత్తానికి నేను చేసింది మంచి పనే కదా అన్నాను. స్రవంతి చూసిన చూపుకు మిగిలిన మెట్లు చాలా వేగంగా దిగాను.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మీద జాలిపడాలన్నా ముందు వాళ్ళకెంత వస్తుందో కనుక్కుంటాను. నాకంటే ఎక్కువని తేలితే, ఆ జాలి నేనే వాడుకుంటాను.