బ్రేకుల్లేని ఓడకు చొక్కా గుండీ

ఆకాశంలో ఓడకు బ్రేకులు ఎవరు వేశారని నేనింకా అడుగుతూనే ఉన్నాను.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఒక ఆట పెట్టె కొనిచ్చింది. అందులో బొటనవేలంత అంతరిక్ష నౌకలు. బల్లే ఆకాశం. వాటిని జరుపుకుంటూ, పాచికలు వేసి ఒకరివొకరు పేల్చుకోవాలి. బంగారు గనుల ఊరు ఊరిగాంలో మా ఇంటికి వచ్చి నాతో ఆడేది నా బావమరిది ఒక్కడే. ఆదివారమైతే మాలూరు నుంచి రైల్లో దిగుతాడు.

పెట్టెలోని నియమాల ప్రకారం నౌక జానెడు దూరం వెళ్లి ఆగిపోతుంది. ఎందుకు ఆగాలి? గాలి లేదు, రోడ్డు లేదు, కండక్టరు ఈల వేయలేదు. నేను బడిలో చదివింది తక్కువే కానీ, పాత పుస్తకాల అంగడి పుణ్యమా అని ఈ మాత్రం భౌతికశాస్త్రం తెలుసు. కదిలిన నౌక మనం ఆపేదాకా పోతూనే ఉండాలి. కోపమొచ్చి నియమాలన్నీ తిరగరాశాను. వేగం, కోణం, కూడికలు, గుణకారాలు.

తర్వాతి ఆదివారం బావమరిది నౌక కాస్త కదిలేలోపు కాఫీ చల్లారింది.

"బావా, నేను ఆడేదానికి వచ్చినానా, పరీక్ష రాసేదానికి వచ్చినానా?"

"నిజం అట్లే ఉండాది. నన్నేం చేయమంటావు?"

"ఆ నిజం నువ్వే పెట్టుకో. ఇంగ వచ్చే వారం నుంచి నేను ఇంట్లోనే పండుకుంటా."

నవ్వుతూనే అన్నాడు కానీ, సంచి చేతికి తీసుకున్నాడు. ఈ వయసులో కొత్త శత్రువును ఎక్కడ వెతుక్కోను?

మా ఆవిడ చేటలో రాగులు చెరుగుతూ తలెత్తింది. "గనిలోకి కేజ్ దింపేటప్పుడు గూడా ఇట్లే లెక్కలేసుకుంటా కూర్చుంటా ఉంటిరా? దాంట్లో మనుషులుండ్రి కదా."

నేను గనిలో వైండింగ్ ఇంజను డ్రైవరుగా చేసినవాణ్ణి. మనుషులతో గనిలోకి దిగే ఆ ఇనుప పంజరం నాకు కనిపించేది కాదు. తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము మీద సుద్దతో గీత పెట్టుకునేవాణ్ణి. ఆ గీత ఎదురుగా వస్తే బ్రేకు వేయడమే. లెక్కంతా ఆ గీతలోనే ఉండేది.

అలాంటి గుర్తే ఇక్కడా చాలనిపించి, కుట్టు డబ్బాలోంచి చొక్కా గుండీలు తెచ్చాను.

"ఇది నీ ఓడ. ఈ గుండీ అది పోబోయే చోటు. ఇంజను వేస్తే గుండీని రెండు వేళ్ల మందం యా పక్కకన్నా జరుపు. ఆమీద ఓడ గుండీ కాడికి పోతాది. గుండీ అంతే దూరం, అదే దిక్కుకు ముందుకు దుముకుతాది."

"లెక్క?"

"పొరక పుల్లతో కొలుచుకో."

సంచి కింద పెట్టాడు. నియమం రాసినవాణ్ణి కదా అన్న ధీమాతో నేను ప్రతిసారీ గుండీని ముందుకే తోస్తూ అతణ్ణి తరిమాను. చూస్తుండగానే నా గుండీ బల్ల అంచు దాటి, మా ఆవిడ చేటలోని రాగుల మీద వాలింది.

"బ్రేకు వేయి, బావా."

"యాడుండాది బ్రేకు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది.

నేనింకో ఓడ దించాను. ఆట తేలకముందే రైలు వేళయింది. వాకిలి దగ్గర వెనక్కి తిరిగాడు. "అక్కా, నా ఓడనీ గుండీనీ ఎవరూ ముట్టుకోవద్దండి. వచ్చే ఆదివారం ఆన్నుంచే ఆడేది."

వారమంతా మేం నేల మీద కూర్చునే అన్నం తిన్నాం. మా ఆవిడ గొణుక్కుంటూనే గుండీల చుట్టూ బల్ల తుడిచింది. గుండీలు అదరకుండా, పెట్టెలో వచ్చిన నియమాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న బల్ల కాలి కింద దూర్చాను.