ఇంట్లో ఎవరికీ లేదన్నాను

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, మా అక్క బతికింది. బతకడమేమిటి, ఈ పొద్దు ముదిగుబ్బ దగ్గర మా చేలో నాకంటే రెండు సాళ్లు ముందుండి శనక్కాయ చెట్లు పీకింది. వెనక్కి తిరిగి నన్ను వెక్కిరించింది కూడా! ఆ సంతోషం దాచుకోవడం నా వల్ల కాదు.

అప్పట్లో అక్కకు నెలల తరబడి నెత్తురు విరేచనాలు. వేడి చేసిందనుకుని మజ్జిగ పోస్తూ కూర్చున్నాం. చివరికి బెంగుళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఒంటిని కాపాడే కణాలు రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట. ఆ కబుర్లు మితిమీరితే పేగు లోపలి పొర బిగువు సడలి, సందులు పడి, పుండ్లవుతాయట. వాటిలో ఒక కబురును ఆపే సూది కొత్తగా వచ్చింది. అయితే ఒంట్లో అణిగి ఉన్న క్షయను లేవకుండా పట్టి ఉంచేది కూడా ఆ కబురే.

అక్కకు చేసిన క్షయ పరీక్షలో ఏమీ తేలలేదు. ఆమె వాడుతున్న మాత్రల వల్ల ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేమంటూ డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది.

"మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందాప్పా? ఉంటే ముందు దాని మాత్రలు కొన్నాళ్లు వేసి, తర్వాతే ఈ సూది."

"యాడుండాది మేడమ్! మా ఇంట్లో ఎవరికీ లేదు."

"దగ్గు?"

"మా నాయనకుండాది. అది ఉబ్బసం."

నాయన అప్పటికి రెండు నెలలుగా క్షయ మాత్రలు మింగుతున్నాడు. ఊళ్లో తెలిస్తే మా ఇంటి పాలు ఎవరూ పోయించుకోరని ఉబ్బసమని చెప్పుకుంటున్నాం. ఆయన ఉమ్మిన గిన్నె కడిగింది అక్కే. డాక్టరమ్మ నన్నే చూస్తూ ఒక్క క్షణం ఆగింది. దిద్దుకోవడానికి ఆ క్షణం చాలు. దిద్దుకోలేదు.

ఎందుకు? కొన్నాళ్లు ఆగితే అక్క దక్కదని భయపడ్డాను. నాయన పరువూ గుర్తొచ్చింది. వాటిలో ఏది ఎంత కారణమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పోనీ, లోపల మంచం మీదే ఉన్న అక్కనైనా అడగాల్సింది కదా? ఊపిరితిత్తులు ఆమెవి. పందెం కాయడానికి నేనెవర్ని?

సూది పనిచేసింది! మూడో సూదికి నెత్తురు ఆగింది. కెమెరా గొట్టంతో చూసిన డాక్టరమ్మ, పుండ్లు మానాయి, పొర మూసుకుందని చెబితే, వరండాలో అందరూ చూస్తుండగా గెంతాను. ఇంటికొచ్చాక అక్క రాగి సంగటిలో ఊరుబిండి నంజుకుంటూ ముద్ద మీద ముద్ద లాగించింది. ఊరంతా తిరిగి చెప్పుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్లు అక్క దగ్గితే చాలు, మళ్లీ దగ్గుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి. క్షయ రాలేదు. రానంత మాత్రాన నేను చేసింది ఒప్పయిపోదు. వచ్చి ఉంటే ఇది రాసేవాణ్ణేనా? అనుమానమే.

నాయన పోయాడు. ఇంక ఆయన పరువు వెనక దాక్కోలేను. మా ఇంట్లో క్షయ ఉండేది. తెలిసీ లేదన్నాను. రాసేశాను, ఎన్నాళ్లకో ఊపిరి నిండా పీల్చుకున్నాను. రేపు ఈ కాగితం అక్క చేతికిస్తాను. క్షమిస్తుందని రాయను. తిడుతుంది. ఊరంతా వినేలా తిట్టే బలం ఇప్పుడు ఆమెకుంది.