అడ్డంగా మాత్రమే చూసిన గొట్టం

ఎర్రయ్య తొడ రక్తనాళంలోకి ఎక్కించబోయే గొట్టం ఇంకా పరీక్షలోనే ఉందని ఎర్రయ్యకు ఎవరూ చెప్పలేదు. అది తప్పు. ఇన్నేళ్ల తర్వాత కూడా తప్పే అంటాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖలోని ఒక ఆస్పత్రిలో ఎమ్మారై విభాగానికి నేను సీనియర్ టెక్నీషియన్ని. ఎక్స్‌రే డార్క్‌రూమ్‌లో ఫిల్ములు కడుగుతూ మొదలై, మాన్యువళ్లు సొంతంగా చదువుకుని ఆ కుర్చీ దాకా వచ్చినవాణ్ణి. ఎర్రయ్య సముద్రంలో వేటకెళ్లే మనిషి. కాలి నాళం పూడుకుపోయి పాదం నల్లబడుతోంది. మామూలుగా అయోడిన్ మందు ఎక్కించి, ఎక్స్‌రేలో చూస్తూ నాళం తెరుస్తారు. ఆ మందును అతని కిడ్నీలు తట్టుకోలేవు. తెరవకపోతే కాలు తీసెయ్యాలి. అందుకే మా డాక్టరమ్మ ఎమ్మారైలో చేద్దామన్నారు. ఆవిడ తపన నిజమైనదే, కాదనను.

చిక్కల్లా పనిముట్టుతోనే. మామూలుగా నాళంలోకి పంపే ఉక్కు తీగను ఎమ్మారైలోని పెద్ద అయస్కాంతం లాగేస్తుంది. ప్లాస్టిక్ గొట్టమేమో తెర మీద కనబడదు. అందుకని గొట్టం కొసన డిస్ప్రోసియం అనే లోహపు పొడి కలిపిన ఉంగరాలు తొడుగుతారు. అవి బొమ్మలో నల్లమచ్చలై కొస జాడ చెబుతాయి. జెల్లీ నింపిన డబ్బాలో గొట్టాన్ని అయస్కాంతానికి అడ్డంగా పెట్టి చూశాం. మచ్చలు దిట్టంగా వచ్చాయి. కానీ ఎమ్మారై మిషన్ సొరంగంలో పడుకున్న మనిషి కాలి నాళం నిలువుగా, అయస్కాంతం వెంబడే పోతుంది. ఆ దిక్కున మచ్చ చిక్కిపోతుంది. కొస కనబడకుండా తోస్తే నాళం చిరగొచ్చు. ఆవిడకూ ఇది తెలుసు. చిన్నదైనా కనబడుతుందిలే అన్నారు.

ఈ సంగతి ఎర్రయ్యకు చెప్పమన్నాను.

“వేటకెళ్లేవాడికి అయస్కాంతం గురించి ఏం చెబుతామయ్యా?”

చెప్పేదాకా మిషన్ మీద చెయ్యి వెయ్యనన్నాను. నా హోదాకు మించిన మాటే. ఆవిడ లేచి, “పద, నువ్వే చెప్పు. నేను పక్కనుంటాను” అన్నారు.

వల జాడ తెలియడానికి తేలే బెండ్లు కట్టినట్టే గొట్టానికి ఉంగరాలు తొడిగామనీ, జెల్లీ డబ్బాలో అడ్డంగా పెడితే నల్లమచ్చలై కనబడ్డాయనీ, నిలువుగా ఇంకా చూడలేదనీ, కనబడకపోతే నాళం చిరిగి ప్రాణం మీదికి రావచ్చనీ ఎర్రయ్యకు చెప్పాను.

“ఏటి బావా, నా కాల్లో బెండు దింపుతూ నాకే సెప్పనేదేటి?” అని నవ్వాడు.

ఆవిడ మంచం పక్కన కూర్చుని, పొరపాటు తనదేనన్నారు.

కొత్త పనిముట్టులోని లోపం డాక్టరుకు ఎంత తెలుసో, బల్ల మీద పడుకోబోయే మనిషికీ అంతా తెలియాలి. అలా చెప్పడాన్ని ఆ తర్వాత నేను పనిలో భాగంగానే చూశాను.

మరి చేయించుకుంటావా అని అడిగాను. ఎర్రయ్య చెప్పిన జవాబు ఇది:

“ముందా డబ్బాలో నిలువుగా ఎట్టండి. నానొచ్చి సూత్తాను. మచ్చ నా కంటికానితే రేపే పడుకుంటాను. ఆనకపోతే కాలు పోతే పోనీ బావా, పేణముంటే ఒడ్డున కూకుని వలలల్లుకుంటాను.”