సీమబండికి అగ్రతాంబూలం

ఆయుధపూజ నాటి ఉదయం ఫైర్ స్టేషన్ ఆవరణలో ఎర్రబండ్లన్నీ బారులు తీరి ఉండగా, తొలి బూడిద గుమ్మడికాయ ఏ బండి ముందు పగిలిందో కన్నులారా చూసినవారిలో నేనొకణ్ణి. ఆ ఘనతకు కారణం నా పాండిత్యమని చెప్పుకోవాలని నాకు ఇప్పటికీ ఆశ ఉన్నది గాని, నిజానికి కారణం నా పాండిత్యంలోని ఒక పొరపాటు. దానిని పట్టుకొన్నది మా ఇంటావిడ.

అది డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న కాలం. బెంగళూరులో కాటన్‌పేటకు చేరువలోని ఒక హైస్కూల్లో నేను తెలుగు పండితుణ్ణి. మేము అద్దెకున్న ఇంటి అరుగుకు సరిగ్గా ఎదురుగా ఫైర్ స్టేషన్. అక్కడి బండ్లను చూస్తుంటే నాకు బ్రహ్మోత్సవాలలోని దేవుడి వాహనాలు గుర్తుకు వచ్చేవి. స్వామి ఒక్కడే అయినా శేషవాహనం వేరు, హంసవాహనం వేరు, గరుడవాహనం వేరు. అలాగే ఇక్కడ ఆపద ఒక్కటే అయినా దానికి ఎదురేగే బండ్లు అనేకం. సైరన్ మోగిస్తూ దూసుకుపోయే కొత్త బండి, ఆకాశానికి నిచ్చెన వేసే పొడుగుబండి, చిన్న పంపును వెనుక తగిలించుకొని పోయే జీపు, గాయపడినవారి కోసం ఒక తెల్లని వ్యాను. వీటన్నిటికీ కొసన, రేకుల చావడి కింద, ఒక సీమబండి.

ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన దేనినైనా సీమ సరుకు అనడం మా పెద్దల వాడుక. ఆ బండికి ముందు తలుపులు లేవు. డ్రైవరు పక్కన పళ్ళెమంత ఇత్తడి గంట, దానికొక తాడు. నడుము సన్నం, పేటలోని ఇరుకు సందుల్లోకి దూరగలిగిన ఫైరుబండి అదొక్కటే. కాని అప్పటికి ఏడాదిగా అది చావడి దాటలేదు. ఇంజను పలుకుతుంది, చక్రాలు కదులుతాయి, పంపు మాత్రం ఆవరణలోని రాతితొట్టి నీటిని పైకి తీసుకోదు. పంపులోని గాలిని లాగివేసే మీట ఒకటి అరిగిపోయిందట. ఆ భాగం సీమ నుంచే రావాలట. రాసిన ఉత్తరాలకు జవాబు లేదట.

ఈ 'అట'లన్నీ నాకు చెప్పినవాడు ఆ బండి డ్రైవరు. తాతల కాలం నుంచి పేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం అతనిది. తండ్రి కూడా ఆ బండి మీదనే పనిచేశాడు. ఒకనాటి సాయంత్రం అతడు న్యూస్ పేపరులో చుట్టిన ఒక లావుపాటి పుస్తకంతో మా అరుగెక్కాడు.

"అయ్యోరా, అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల వాని కాడ దొరికింది. అంతా ఇంగ్లీషు. బొమ్మలు నాకు అర్థమైతాయి, మాటలు మీరు చెప్పాల."

"నాది తెలుగు పాండిత్యం నాయనా, ఇంగ్లీషు అంతంత మాత్రమే," అన్నాను.

"అంతంత మాత్రం చాలప్పా. నాకు అదీ లేదు."

అది బ్రిటనులోనూ, దాని చుట్టూ ఉన్న దీవులలోనూ ఆపదవేళ పరుగెత్తే బండ్ల పుస్తకం. నాటి నుంచి బడి వదలగానే రోజూ రెండు పుటలు మా పాఠం. పరభాషా పదాన్ని నోట పలకకుండా అచ్చంగా తెలుగులోనే అర్థం చెప్పడం నా నియమం. మా గురువుగారు పెట్టిన నియమం. నిఘంటువు ఒళ్ళో పెట్టుకొని, అంబులెన్సును రుగ్ణశకటమనీ, లైఫ్‌బోటును ప్రాణరక్షక నౌక అనీ చెప్పుకుంటూ పోయేవాణ్ణి. సముద్రంలోకి పడవను ఈడ్చుకుపోయే ట్రాక్టరును చూసి అతడు నోరు తెరిచాడు. ఒక దీవి నుంచి మరో దీవికి పడవెక్కి పోయే అంబులెన్సును చూసి, "బండి మీద మనిషి, పడవ మీద బండి!" అని నవ్వాడు. పోలీసుల చిన్న కార్ల మీది నీలిదీపం అతనికి నచ్చలేదు. "దీపం పెట్టుకొని పోతే దొంగ ముందే పారిపోడా?" అన్నాడు.

పుస్తకం నడిమికి వచ్చేసరికి అతని చెయ్యి ఒక బొమ్మ మీద ఆగిపోయింది. ఏదో చిన్న దీవి. రాతిగోడల నడుమ ఇరుకు దారి. ఆ దారిలో, తలుపులు లేకుండా, ఇత్తడి గంటతో, అచ్చంగా మన సీమబండి!

"అయ్యోరా, ఇది మా బండి! ఆ సందు చూడండి, మన పేట మాదిరే ఉండాది. ఆడ ఇంగా తిరగతాండాది అంటే ఈడ ఎందుకు తిరగదు?"

అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. ఆయుధపూజకు మూడు రోజులే గడువు. పండుగ మరునాడు సీమబండిని తుక్కుకు తరలిస్తామని స్టేషన్ ఆఫీసరు చెప్పేశాడు. పూజలో నిలబడే బండి నీళ్ళు చిమ్మాలి. చిమ్మితే ఉంటుంది, లేకుంటే పోతుంది.

"మా నాయన కొట్టిన గంట అయ్యోరా ఇది. నా చేత్తోనే తుక్కుకు తోలాల్నా?"

బొమ్మ కింద రెండు వాక్యాలు ఉన్నవి. ఆ దీవివారు చాలా రోజులు ఊరకున్న బండిని తిరిగి తీసేటప్పుడు పంపుకు ముందుగా ఏదో చేస్తారని వాటి భావం. ఆ చేసేదేమిటో చెప్పే మాట నాకు కొత్తది. నిఘంటువు తీశాను: ప్రథమము, ముఖ్యము, శ్రేష్ఠము. ఆ వెంటనే బకెట్టు ప్రస్తావన ఒకటి వచ్చింది గాని, దానికీ శ్రేష్ఠతకూ పొత్తు కుదరక విడిచిపెట్టాను. గొంతు సవరించుకొని, "జలయంత్రానికి అగ్రతాంబూలం ఇస్తారు," అని, బొమ్మలోని పంపు మీద వేలుపెట్టి అర్థం చెప్పాను.

అతడు ఆ బొమ్మను కళ్ళకద్దుకొన్నాడు. "మనమాదిరే భక్తి ఉండాది వాళ్ళకు," అన్నాడు.

మరునాటి ఉదయం అరుగు మీద నిలబడి నేను చూసిన దృశ్యం ఇది: సీమబండి పంపు మీద పసుపు, కుంకుమ, రెండు తమలపాకులు, ఒక పోకచెక్క. దాని ముందు చేతులు జోడించి డ్రైవరు. వెనుక నడుం మీద చేతులుంచుకొని ఆఫీసరు. ఆయన కన్నడిగుడు, తెలుగు బాగానే మాట్లాడేవాడు.

"ఏనప్పా, ముదుకికి ఎలె అడికె పెట్టినావా?" అన్నాడు. ముదుకి అంటే ముసలిది. ఎలె అడికె అంటే ఆకువక్క. "పళ్ళు లేవు కదప్పా దానికి, నమిలేది ఎట్లా? సున్నం మరిచినావు చూడు!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. డ్రైవరు తల వంచుకొని, "ఇంగ్లీషు పుస్తకంలో రాసి ఉండాది సార్. అయ్యోరు చదివినారు," అన్నాడు.

"అయితే మేష్ట్రనే పిలుచుకొని రా, మంత్రం వేసి నీళ్ళు తెప్పిస్తారు! చూడప్పా, కొత్తబండికి సైరన్ ఉంది. నీ ముదుకికి ఉండేది గంట. గంట కొట్టాలంటే గుడికి పో."

"సైరన్‌కు బ్యాటరీ కావాల సార్," అన్నాడు డ్రైవరు మెల్లగా. "గంటకు చెయ్యి ఉంటే చాలు."

నాకు తల కొట్టేసినట్లయింది. ఇంట్లోకి వచ్చి పుస్తకం మళ్ళీ తెరిచి కూర్చున్నాను. ఇంటావిడ బియ్యం ఏరుతూ విషయమంతా చెప్పించుకొన్నది.

"పంపుకు తాంబూలమా? వాళ్ళేమైనా మన వియ్యంకులా? అందులో ఉండే మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పండి చూద్దాం."

చెప్పాను. బకెట్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"బకెట్టు ఉందా? మరి ఆయప్పకు ఎందుకు చెప్పలేదు?"

"అర్థంలో ఇమడలేదు."

"మీ అర్థంలో ఇమడలేదు. పొద్దున్నే వీధి చేతిపంపు ఎంత కొట్టినా నీళ్ళు రాకపోతే మేమేం చేస్తాం? పైన చెంబుడు నీళ్ళు పోస్తాం. గుక్కెడు తాగితేనే అది కక్కుతుంది. మీరు రోజూ స్నానం చేసేది ఆ నీళ్ళే!"

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను. డ్రైవరును పక్కకు పిలిచి, జన్మలో మొదటిసారి నియమం తప్పి, ఆ ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్లు పలికాను: "ప్రైమ్ చేస్తారట. బకెట్టుతో నీళ్ళు పోసి. మా ఇంటావిడ పట్టుకొన్నది ఆ సంగతి."

అతడు నా వంక చూసిన చూపు నేను మరువలేను. "ప్రైమా! ఆ మాట నాకు గొత్తు, తెలిసిందే కదా అయ్యోరా! గాలి తీసే మీటను మేము ప్రైమరనే అంటాం. తాంబూలం అంటిరి, ప్రైమ్ అనలేదే!" అంటూనే ఒక్క అంగలో బండి చేరాడు. "అయితే నీళ్ళు పోసేదానికి పంపు పైన కన్నం ఉండాల. మా బండికి లేదు కదా?"

కాని బొమ్మలోని బండికి ఉన్నది. పంపు నెత్తిన ఒక మూత స్పష్టంగా కనబడుతున్నది. మన బండి మీద అదే చోట నున్నని ఎర్రరంగు తప్ప ఏమీ లేదు. డ్రైవరు చిన్న ఉలితో గీకడం మొదలుపెట్టాడు. ఒక పొర ఊడింది; కింద మరొక పొర, దాని కింద ఇంకొకటి. ప్రతి ఆయుధపూజకూ భక్తితో వేసిన రంగు అది, ఏటికొక పూత. ఎన్ని దసరాల కిందటిదో గాని, చిట్టచివర ఇత్తడి మెరిసింది. ఆ మూతను మూసివేసినది ఎవరి అశ్రద్ధా కాదు, మన పూజే. దాని చుట్టూ కిరోసిన్ పోసి రెండు రోజులు నాననిచ్చాడు. ఆఫీసరుకు ఒక్క మాటా చెప్పలేదు.

పండుగనాడు సిబ్బంది కుటుంబాలన్నీ వచ్చాయి; ఇంటావిడతో కలిసి నేనూ వెళ్ళాను. అరటిపిలకలు, బంతిపూల దండలు, బొరుగుల బుట్టలు. సీమబండిని వరుసలో చివర నిలిపారు. కొత్తబండి ముందుగా నీళ్ళు చిమ్మింది. గొట్టాలు ఆరవేసే ఎత్తైన మేడ మూడో కిటికీ దాకా తడిసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంక ముదుకి," అన్నాడు ఆఫీసరు, గడియారం చూసుకొంటూ.

డ్రైవరు సీమబండికి నీళ్ళు పీల్చే గొట్టాన్ని, నీటిని వెనక్కు వదలని కవాటం ఉన్న కొసతో, రాతితొట్టిలోకి దించాడు. మూత తిప్పి తీశాడు. బకెట్టు తెచ్చి, ఎందుకో ఆగి, మా ఇంటావిడ వైపు తిరిగాడు. "అమ్మా, తొలి చెంబు మీరే పొయ్యాల."

ఆమె కొంగు దోపుకొని వచ్చి పోసింది. తరువాత అతడు బకెట్లతో పోశాడు. లోపలి గాలి బుడబుడమంటూ బయటికి వచ్చింది. వచ్చి వచ్చి ఆగింది. నీరు అంచుదాకా నిలిచింది. మూత బిగించి, ఇంజను తిప్పి, దానిని పంపుకు కలిపే మీట లాగాడు. నేలమీద చచ్చినట్లు పడి ఉన్న నీళ్ళు చిమ్మే గొట్టం ఒక్క వణుకు వణికి పాములా లేచింది. దాని కొన పట్టుకొన్న ఇద్దరూ ఒక అడుగు వెనక్కు జరిగారు. ధార లేచింది. మూడో కిటికీ దాటింది, నాలుగోది దాటింది, మేడ నెత్తిని దాటి, ఎండలో వెండిలా విచ్చుకొని, వీధి మీదుగా మా మిద్దె మీద పడింది. నేను ఉదయం ఆరవేసిన ధోవతులన్నీ మళ్ళీ తడిశాయి. డ్రైవరు తాడు పట్టుకొని గంట మోగించసాగాడు. చేతులు నొప్పి పుట్టేదాకా మోగించాడు. ఎవరూ ఆపలేదు.

ఆఫీసరు టోపీ తీసి నీళ్ళు దులుపుకొన్నాడు. ఏమంటాడోనని అందరమూ చూస్తున్నాం. ఆయన నేరుగా పూజాపళ్ళెం దగ్గరికి వెళ్ళి, తమలపాకులూ పోకచెక్కా తీసుకొని, స్వయంగా పంపు మీద పెట్టాడు. జేబులోని సున్నపుకాయ తీసి ఆకులకు సున్నం కూడా రాశాడు.

"ఈసారి మరవలేదప్పా," అన్నాడు డ్రైవరుతో. తరువాత నా వైపు తిరిగి, "మేష్ట్రే, మీ అర్థమే సరి. మొదటి గుమ్మడికాయ ముదుకికే," అన్నాడు.

చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. సీమబండి వరుస చివరి నుంచి కదిలి, కొత్తబండిని దాటి, మొదటి స్థానంలో నిలిచింది. తుక్కు మాట ఆపైన ఎవరూ ఎత్తలేదు. ఎనభైలలో మేము ఆ ఇల్లు మారేదాకా ఏటేటా అది అక్కడే నిలిచేది. ఇరుకు సందు నుంచి కబురు వస్తే సైరన్ల కంటే ముందు దాని గంటే వినబడేది. రంగు మాత్రం ఏటా వేస్తూనే ఉన్నారు, ఇత్తడి మూత చుట్టూ వదిలి.

నా నిఘంటువు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నది. ప్రైమ్ అనే మాట పక్కన, అంచు మీద, ఆనాటి సాయంత్రం నేను రాసుకొన్నది చెరగలేదు: అగ్రతాంబూలము, చెంబుడు నీళ్ళతో.